పేరు దాచిన వై-ఫై

ఆ శనివారం పొద్దున వీబె పెట్టుకున్న పని ఒక్కటే, వీధివైపు పెద్ద కిటికీ కడగడం. డచ్చివాళ్ళ ఊరు డెవెంటర్‌లో ఆ వీధిలో పరదాలు వేసే ఇల్లు లేదు. ఎవరు ఏం తింటున్నారో, ఎవరు సోఫాలో కునుకు తీస్తున్నారో దారినపోయే వాళ్ళందరికీ కనిపించాల్సిందే. పరదా వేశారంటే లోపల ఏదో నడుస్తోందని అర్థం. కాబట్టి అద్దం తళతళలాడాలి.

సబ్బునీళ్ళ బకెట్టు కింద పెట్టాడో లేదో, కంచె దగ్గర భార్య యోరిండే నవ్వు వినిపించింది. అవతల పక్కింటి లూబర్ట్. కొత్తగా వచ్చాడు, ఒంటరివాడు, బీమా కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూస్తాడు, పైగా పొడుగు. వీబె కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు, పొడుగు కాదు.

“పొద్దున్నే ఫోన్ తెరిస్తే ముందు కనబడేది నీ పేరే,” అంటున్నాడు లూబర్ట్. “వై-ఫై జాబితాలో అన్నిటికన్నా పైన, యోరిండే అని!”

“మా ఆయన పెట్టిన పేరులే, పెళ్ళయిన కొత్త మోజులో,” అని నవ్వింది యోరిండే.

వీబెకు ఒళ్ళు భగ్గుమంది. తాను ముద్దుగా పెట్టుకున్న పేరు ఆ పొడుగాటివాడి ఫోన్‌లో, వాడి మంచం పక్కన! కిటికీని సగంలో వదిలేసి లోపలికి వెళ్ళి వై-ఫై పెట్టె సెట్టింగులు తెరిచాడు. పేరు కనబడకుండా దాచే వీలుంది. దాచాడు. అయినా కసి తీరలేదు. ఎలాగూ ఎవరికీ కనబడదు కదా అని పేరు కూడా మార్చేశాడు: ‘లూబర్ట్, నా యోరిండే జోలికి రాకు’. మనిషి ముఖాన అనలేని మాట అలా రాసుకున్నాక ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆ కుదురు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

“వీబే, మన నెట్ ఏమైంది? పేరే కనబడట్లేదు,” అంటూ వచ్చింది యోరిండే. ఆవిడ పిల్లలకు వీడియోలో అకార్డియన్ వాయించడం నేర్పుతుంది.

దాచిన నెట్‌కు కొత్తగా కలవాలంటే పేరును అక్షరం పొల్లుపోకుండా టైపు చేయాలి. ఆ పేరు భార్యకు ఏ నోటితో చెప్పగలడు?

“పెట్టె పాడైనట్టుంది,” అన్నాడు.

మళ్ళీ మామూలుగా మార్చేద్దామనే అనుకున్నాడు. ఇంతలో లూబర్ట్ కంచె మీదుగా తలపెట్టి, “మీ నెట్ పేరు మాయమైందే!” అని పరామర్శించాడు. అంటే వాడు వెతుకుతున్నాడన్నమాట! వీబెకు పంతం పెరిగింది. సోఫాలో కూలబడి ఫోన్‌లో సైకిల్ పందేలు చూడసాగాడు.

“నెట్ లేదన్నావ్, మరి ఇదెలా వస్తోంది?” అంది యోరిండే.

“ఇది... ఫోన్ డేటా.”

“నెలాఖరు దాకా డేటా లేదని నిన్ననేగా గొణిగావ్?”

యోరిండే అకార్డియన్ భుజాన వేసుకుని, పాఠం అక్కడి నెట్‌లో చెప్పుకుంటానని లూబర్ట్ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా వీబె కుక్కను తిప్పే నెపంతో పక్కింటి కిటికీ ముందు పచార్లు చేశాడు. లోపల యోరిండే, లూబర్ట్ ఒకే కంప్యూటర్ మీదికి వంగి గుసగుసలాడుతున్నారు. అకార్డియన్ మూల పడి ఉంది. యోరిండే ఆ గుమ్మం ఎక్కి ఇక దిగదేమోనని వీబెకు నిజంగానే భయం పట్టుకుంది. తిరిగి తిరిగి చివరికి కుక్కే మొరాయించింది.

అదే వీధిలో ఉండే అత్తగారు ఆల్టియె ఫోన్ చేసింది.

“ఏమయ్యా అల్లుడూ, మా పిల్ల పొద్దస్తమానం ఆ పక్కింట్లో కనిపిస్తోందేంటి? మీ ఇంట్లో కుర్చీలు లేవా?”

మరుసటి శనివారం వీబె పుట్టినరోజు. చుట్టాలూ ఇరుగుపొరుగూ గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్నారు, మనిషికొక కేకు ముక్క. వచ్చిన వాళ్ళు ఆచారం ప్రకారం వీబెకే కాక ఇంట్లో అందరికీ అభినందనలు చెప్పారు. లూబర్ట్ యోరిండే బుగ్గల మీద మూడు ముద్దులూ పెట్టాడు. అందరూ పెట్టేవే. మూడోది మాత్రం మరీ తీరిగ్గా పెట్టాడని వీబెకు తోచింది.

“లూబర్ట్, నలుగురిలో అడుగుతున్నా,” అంది యోరిండే. “ఓ మొగుడు వై-ఫై పేరు పెళ్ళానికి కూడా కనబడకుండా దాచాడంటే ఏంటర్థం?”

“అర్థం సంగతేమోగానీ లాభం మాత్రం లేదు,” అన్నాడు లూబర్ట్. “పాస్‌వర్డ్ గట్టిదైతే చాలు. పేరు దాచితే పెట్టె నోరు మూసుకుంటుంది, అంతే. అప్పుడు ఫోనే వెళ్ళిన చోటల్లా ఆ పేరు పెట్టి కేకలేస్తుంది. ఉండండి, చూపిస్తా.”

అతను ల్యాప్‌టాప్ తెరుస్తుండగా వీబె కేకు పళ్ళెం పక్కన పడేసి నడవలోకి పరుగెత్తాడు. వై-ఫై పెట్టె ప్లగ్గు పీకేశాడు. పీడ విరగడైందనుకుని చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

అతని జేబులోని ఫోను మాత్రం ఇంటి నెట్ పోయిందని గాభరాపడి, ఆ పేరునే పట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. లూబర్ట్ తెర మీద ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ పడుతోంది. ఆల్టియె కళ్ళజోడు సవరించుకుంది, అల్లుడు ఊరికే ఇచ్చిందే.

“‘లూబర్ట్, నా యోరిండే జోలికి రాకు’,” అని పైకే చదివింది. “ఎవరయ్యా ఇంత అరుస్తున్నది?”

లూబర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. అందరి చూపులూ వీబె జేబు మీదికి వెళ్ళాయి. వీబె తల దించుకున్నాడు. యోరిండే లేచి వస్తుంటే ఇక తన కాపురం సరి అనుకున్నాడు.

“దాచావంటే ఎవతె పేరో పెట్టుకున్నావనుకున్నా,” అంది యోరిండే. “ఆ పేరు పట్టుకుందామనే వారమంతా ఇతని దగ్గర కూర్చున్నా, నీ ఫోను ఇంటి నెట్ వదిలితేగా దొరికేది! పాఠాలు కూడా మానేశా తెలుసా?”

“నువ్వు... నా మీద అనుమానపడ్డావా?”

“మరేం చేయను? నా కోసం ఇంత ఉడుక్కుంటావని ఏనాడైనా చెప్పావా?” అని, అందరూ చూస్తుండగా అతని పళ్ళెంలో రెండో కేకు ముక్క వేసింది. ఆ ఇంట్లో రెండో ముక్క అంతకు ముందు ఎవరికీ పెట్టలేదు.

అతిథులు వెళ్ళాక వీబె ఆ పేరు తీసేస్తానన్నాడు. యోరిండే తీయనివ్వలేదు, దాచనివ్వనూ లేదు.

ఇప్పుడు వీధిలో ఎవరు ఫోన్ తెరిచినా ఆ వాక్యమే కనబడుతోంది. ఉత్తరాలు పంచే ఆవిడ కూడా లూబర్ట్ ఇంటి బెల్లు కొట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతోంది.