ఒక తోట, మూడు చీటీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద నానమ్మ. అద్దం ముందు యూనిఫారం గుండీలు పెట్టుకుంటున్న నాన్న, బస్సు కండక్టరు. ముందుగదిలో భుజాల సంచికి పట్టీలు బిగిస్తున్న పిన్ని, బళ్ళో లెక్కల టీచరు. పెరట్లో దోసపాదు ముందు గొంతుక్కూర్చున్న పదహారేళ్ళ అమ్మాయి. అమ్మది పొద్దుటి షిఫ్టు. ఆరింటికే వెళ్ళిపోయింది కాబట్టి, తర్వాత జరిగినదాంట్లో ఆమె పాపం ఏమీ లేదు.

అమ్మాయిని ఇంట్లో మౌనమ్మ అంటారు. సబ్బు కావాలని దుకాణంవాణ్ణి అడగలేక, ఆ దుకాణం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి సబ్బు లేకుండానే స్నానం చేసిన ఘనత ఆమెది. నలుగురిలో అనవలసిన మాటలన్నీ డైరీలో రాసుకుంటుంది. డైరీలో ఆమెంత వాగుడుకాయ ఇంకొకరు ఉండరు.

ఆ పొద్దున ఎనిమిదింటికి పిన్నితో కలిసి ఆమె నడకయాత్రకు బయలుదేరాలి. నాలుగు రోజులు కాలవ గట్టు వెంట, రోజుకు పన్నెండు కిలోమీటర్లు. దారిలో బస చేసేచోట్ల పిన్ని ఇద్దరికి మాత్రమే చోటు రాయించింది. మూడో రోజు ఒక చిన్న కొండ ఎక్కితే అవతల సముద్రం కనిపిస్తుందట. మౌనమ్మ సముద్రాన్ని అట్లాసులో తప్ప చూడలేదు. అందుకని ఏడాదిగా సాధన చేసింది. బడిసంచిలో గుమ్మడికాయ పెట్టుకుని పెరడు చుట్టూ రోజుకు వంద చుట్లు తిరిగింది. చివరి రెండు నెలలు రెండు గుమ్మడికాయలు. ఇంట్లో గుమ్మడికాయ కావాలంటే ముందు ఆమె ఎక్కడుందో వెతకవలసి వచ్చేది.

నడవడానికి సెలవు దేనికో నానమ్మకు అర్థం కాలేదు. బస్సు తప్పినవాళ్ళు నడుస్తారు గానీ, సెలవు పెట్టుకుని మరీ నడిచేవాళ్ళను ఈ ఇంట్లోనే చూస్తున్నానంది. నాన్న బాధ వేరు. రండి ఎక్కండి అని ఇరవై ఏళ్ళుగా ఊరందరినీ పిలుస్తున్న మనిషి. సొంత కూతురే నడిచిపోతానంటే ఆ పిలుపుకు విలువేముందని రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు సరే అన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు.

"తోట ఎవరికి అప్పగిస్తావో చూసుకో. నాకు మాత్రం వద్దు. ఆ మనిషి ఎనిమిదింటిలోపు వచ్చి నా ఎదుట నిలబడాలి. లేదంటే ప్రయాణం లేదు."

నాన్న భయానికి కారణం ఉంది. నిరుడు మౌనమ్మ రెండు రోజులు చుట్టాలింటికి వెళ్తే ఆయన గొట్టం పెట్టి నీళ్ళు కొట్టాడు. చిక్కుడుపాదు వేళ్ళతో సహా లేచి వచ్చింది. ఆ దుఃఖంలో ఆమె మాట్లాడటం మానేసింది. మానేసిందని తెలుసుకోవడానికి ఇంట్లోవాళ్ళకు మూడు రోజులు పట్టింది.

తోట అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. దోస, టమాటా, మిరప, మళ్ళీ వేసిన చిక్కుడు. స్నానాలగది గోడకు అవతలి పక్క గుమ్మడి పందిరి. మొదటిసారి కాసిన దోసకాయ బొటనవేలంత ఉంటే దాన్ని అయిదు ముక్కలు కోసి అందరికీ పంచింది. నాన్న తన ముక్కను నమిలాడో మింగాడో తనకే తెలియలేదన్నాడు. అయినా పొద్దున్నే ఆకుల కింద తల దూర్చి, నిన్న లేని పిందె ఇవాళ కనిపిస్తే ఆమెకు కలిగే సంతోషానికి డైరీలో రెండు పేజీలు చాలేవి కావు. టమాటా ఆకు వాసన ఆమె వేళ్ళను అంటుకుని బడిదాకా వచ్చేది.

ఆ తోటను ఎవరికో ఒకరికి అప్పగించాలంటే నోరు తెరవాలి. అది ఆమె వల్ల కాలేదు. ముందురోజు సాయంత్రం డైరీలోంచి కాగితం చించి చీటీ రాసింది. "నేను నాలుగు రోజులు ఊళ్ళో ఉండను. నా మొక్కల్ని మీ చేతుల్లో తప్ప ఇంకెవరి చేతుల్లోనూ పెట్టలేను. మీరు కాదంటే వాటికి దిక్కు లేదు. ఒప్పుకుంటే పొద్దున ఏడింటికి రండి. ఇష్టం లేకపోతే రాకండి. తర్వాత నేను ఎక్కడైనా కనపడినా పలకరించకండి." మాటలు బాగా కుదిరాయనిపించి, మూలన మూడు పువ్వులు గీసి, అచ్చంగా అలాంటివే ఇంకో రెండు రాసింది. మూడిళ్ళ తలుపుల కింద తోసి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురిని అడిగితే ఒక్కరైనా ఒప్పుకోకపోతారా అని ఆమె లెక్క. ముగ్గురూ ఒప్పుకుంటే ఏమిటన్నది లెక్కలోకే రాలేదు. తన మీద ఆమెకు అంత గొప్ప అభిప్రాయం.

ఏడింటికి పది నిమిషాల ముందే ఎదురింటి ఇస్త్రీ అక్క పక్కగేటులోంచి వచ్చింది. దుకాణం తెరిచే వేళవుతోందని, నువ్వు లే నేను చూసుకుంటానని బకెట్టు అందుకుంది. మౌనమ్మకు గాల్లో తేలినట్టయింది. అక్క టమాటాకు ఒక బకెట్టు పోసింది. మిరపకు ఒక బకెట్టు పోసింది. మళ్ళీ టమాటా దగ్గరికి వచ్చింది. చాలు అనాలని మౌనమ్మ నోరు తెరిచి, అంత ప్రేమగా పోస్తున్న మనిషిని ఎలా ఆపాలో తెలియక మళ్ళీ మూసుకుంది. అక్క నాలుగు రోజుల నీళ్ళూ ముందే పోసేసి వెళ్దామనుకున్నట్టుంది.

ఇంతలో గేటు దగ్గర దగ్గు వినిపించింది. పక్కింటి డ్రాయింగు మాస్టారు, రిటైరయినాయన, చేతిలో చీటీతో నిలబడి ఉన్నారు. వేరే మనిషి ముందే వచ్చిందని ఆయనకు చెప్పవచ్చు. చెప్పాలంటే మాట్లాడాలి. అందుకని మౌనమ్మ ఆయన్ను సైగలతో గోడ అవతలకు, గుమ్మడి పందిరి దగ్గరికి తీసుకుపోయింది. మాస్టారు ఒక కన్ను మూసి, పెన్సిలు నిలబెట్టి పందిరిని కొలిచారు. ఎడమ గుంజ వంకరగా ఉందని, ఇలాంటి గీత తన క్లాసులో ఎవరైనా గీస్తే బెంచీ ఎక్కించేవాణ్ణని చెప్పి, సరిచేయడానికి తాళ్ళు విప్పారు.

అదే సమయానికి వెనకింటి హెడ్ నర్సుగారు వీధితలుపు తట్టారు. ముప్ఫై అయిదేళ్ళు వార్డులు నడిపి రిటైరయిన మనిషి. రిటైరయిన సంగతి ఆమె గొంతుకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చీటీ చూసి నాన్న ముచ్చటపడి, షరతు నెరవేరిందని పిన్నితో చెప్పాడు. నర్సుగారు ఇంట్లోంచి నేరుగా పెరట్లోకి నడిచి, మడుగులో నిలబడి ఉన్న టమాటాలను, వాటి మీద బకెట్టు ఎత్తిన ఇస్త్రీ అక్కను చూశారు.

"ఎవరు ముట్టుకోమన్నారమ్మా నిన్ను?"

"నన్ను కాక ఇంకెవర్ని ముట్టుకోమంటారండీ," అని అక్క బకెట్టు దించి, నడుము దగ్గర దోపుకున్న చీటీ తీసింది. నర్సుగారు కళ్ళజోడు పెట్టెలోంచి తన చీటీ తీశారు. గొంతులు విని మాస్టారు గోడ ఇవతలికి వచ్చి తనదీ తీశారు. మూడు చీటీలూ చాకిరేవు బండ మీద పక్కపక్కన పరిచారు. మాస్టారు పైకి చదివారు. దిక్కు లేదన్న మాట మూడుసార్లు వినిపించింది.

"ఒకటే రాత. ఒకటే మాట. పువ్వులు కూడా అవే," అన్నారాయన. "కాపీ పేపర్లు ముప్ఫై ఏళ్ళు దిద్దాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. మౌనమ్మ నిజంగానే భుజాలు తడుముకుంది. ఏడాది పొడవునా గుమ్మడికాయలు మోసిన అలవాటు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పందిరి కిందికి చేరి, నిలదొక్కుకోవడానికి దగ్గర్లో ఉన్న గుంజను పట్టుకుంది. అది మాస్టారు తాళ్ళు విప్పిన ఎడమ గుంజ.

పందిరి తీరిగ్గా, ఏదో ఆలోచించుకుంటున్నట్టు వాలి, పక్కనున్న నీళ్ళ పీపా మీద పడింది. పీపా టమాటాల మీదుగా దొర్లింది. నీళ్ళు వెనకతలుపులోంచి ఇంట్లోకి వచ్చి, వెనకగదిలో సర్దిపెట్టిన మౌనమ్మ సంచినీ కొత్త బూట్లనూ తడిపి, ముందుగదిలో ఒక కాలికి మేజోడు తొడుక్కున్న నాన్నను చేరాయి. నానమ్మ మంచం మీద కాళ్ళు పైకి తీసుకుంది.

"నడుస్తామన్నారు," అంది, "ఈదుతున్నారేమిటర్రా."

పెరట్లో ముగ్గురూ చీటీలు మడిచారు. దిక్కు లేనిది మొక్కలకు కాదు, మా వయసుకని మాస్టారు గేటువైపు తిరిగారు. ఇస్త్రీ అక్క బకెట్టు బోర్లించింది. నర్సుగారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి నీళ్ళు దాటుతున్నారు. గోడమీది గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. ఆ ముగ్గురూ గుమ్మం దాటితే సముద్రం మళ్ళీ అట్లాసులోకి పోతుంది. గుమ్మడి తీగల కింద ఏదో కదిలింది. తల మీద పెద్ద ఆకుతో మౌనమ్మ పైకి లేచింది.

"వెళ్ళిపోకండి," అంది. "నేను సముద్రం చూడలేదు."

ఆ పిల్ల గొంతు అలా ఉంటుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ముగ్గురూ ఆగారు. నర్సుగారు వెనక్కి వచ్చి, విరిగిన టమాటా కొమ్మను రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఇంట్లో పాత గుడ్డలేమున్నాయో తెమ్మన్నారు. అక్కడితో కోపం పోయి పని మొదలయింది. కాసేపటికి పనికి పోటీ మొదలయింది. నర్సుగారు విరిగిన కొమ్మలకు పుల్లలు పెట్టి కట్లు కట్టారు. ఇస్త్రీ అక్క సంచిలోని బట్టలన్నీ దుకాణానికి పట్టుకుపోయి, పొడిగా, మడతలు విరిగేలా చేసి తెచ్చింది. బూట్లకు కూడా లోపల గుడ్డ పెట్టి ఇస్త్రీ చేసింది. మాస్టారు తోటకు పటం గీసి ఒక్కో మొక్కకూ నంబరు వేశారు. తనకు తక్కువ మొక్కలు వచ్చాయని అక్క అలిగితే, నాన్న పాత డ్యూటీ చార్టు వెనక గళ్ళు గీసి పొద్దుటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, సాయంత్రం షిఫ్టు అని పంచేశాడు. ఒక్క మనిషిని చూపించమంటే ముగ్గురిని చూపించావని కూతురి భుజం తట్టాడు.

ఎనిమిదికి ఇంకా అయిదు నిమిషాలుంది. మౌనమ్మ అప్పుడు వెళ్ళి బూట్లు వేసుకుంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. కానీ పదహారేళ్ళుగా మూసి ఉన్న నోరు ఒకసారి తెరుచుకుంది. మళ్ళీ మూసుకోవడం దానికి తెలియలేదు. టమాటా ఆకు మీద నీళ్ళు పడకూడదని చెప్పింది. దోసతీగ ఎటు చూస్తే అటే పోనివ్వాలని, మెడ పట్టి తిప్పకూడదని చెప్పింది. మూడో మిరపమొక్క కొంచెం అభిమానం గలదని, పక్కదానికి ముందు పోస్తే ముడుచుకుంటుందని చెప్పింది. పిన్ని ఎనిమిదింటికి పిలిచింది. ఒక్క నిమిషం అంది. ఎనిమిదీ అయిదుకు పిలిచింది. చిక్కుడు గురించి ఇంకా చెప్పలేదు, ఒక్క నిమిషం అంది. ఎనిమిదీ పదికి పిన్ని, ఎండెక్కితే గట్టు మీద చెట్టు నీడ కూడా ఉండదని, ఇక తన దారిన తాను పోతానని అంది. మౌనమ్మ అప్పుడు పురుగుల అధ్యాయంలో ఉంది.

మంచం మీంచి నానమ్మ అడిగింది, "ఆ కొండ మీంచి సముద్రం నిజంగా కనిపిస్తుందా అమ్మాయ్?"

"కనిపిస్తుంది అత్తయ్యగారూ. నేనే చూశాను."

"నాకు డెబ్బై నిండాయి. ఇంతవరకూ చూపించిన నాథుడు లేడు," అని నానమ్మ కాళ్ళు కిందికి దించి, ఎదురుగా ఉన్న బూట్లలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి. సరిగ్గా సరిపోయాయి.

పురుగులు పూర్తి చేసుకుని మౌనమ్మ ముందుగదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. సంచి లేదు, బూట్లు లేవు. నాన్న సంగతంతా చెప్పాడు. బసలో ఇద్దరికే చోటు కాబట్టి మూడో మనిషి వెనక పరుగెత్తి లాభం లేదని, గట్టు మీదికి బస్సు పోదని, పోతే తానే దింపి వచ్చేవాణ్ణని అన్నాడు. మోకాళ్ళ నొప్పులు కదా అని అడిగితే, అవి కూర్చున్నప్పుడేరా అని మీ నానమ్మ నవ్విందని కూడా చెప్పాడు. తర్వాత టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మౌనమ్మ కొంతసేపు ఏడుద్దామనుకుంది. ఇంట్లో చూసేవాళ్ళు ఎవరూ లేకపోవడంతో మానుకుంది. పోనీలే, సముద్రం లేకపోతే దోసపాదయినా ఉందని పెరట్లోకి నడిచింది. వెనకతలుపు సగం వేసి, గడపకు అడ్డంగా నర్సుగారు నిలబడి ఉన్నారు. ఆమె భుజం మీంచి చూస్తే మాస్టారు పటం పట్టుకుని నంబర్లు చదువుతున్నారు, ఇస్త్రీ అక్క చెంబుతో కొలిచి పోస్తోంది. టమాటాలు తెల్లటి కట్లతో బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"లోపలికి రాకూడదు పాపా. ఇప్పుడే కట్లు కట్టాం. చూడ్డానికి వచ్చేవాళ్ళు సాయంత్రం నాలుగు నుంచి అయిదు."

అది తన తోటేనని మౌనమ్మ మెల్లగా గుర్తుచేసింది. వార్డులో ఎక్కువ గొడవ చేసేది ఎప్పుడూ సొంతవాళ్ళేనని నర్సుగారు చెప్పారు.

"మరి అందాకా నేనేం చెయ్యనండీ?"

"సెలవులేగా నీకు. హాయిగా నాలుగడుగులు నడిచిరా," అని నర్సుగారు తలుపు వేసి గడియ పెట్టుకున్నారు.