వాగు నీళ్ల సీసా

కోళ్ల ఫారం పక్కన పారే వాగులో కోళ్ల రెట్ట కలుస్తోందని సోమవారం పొద్దున నమూనా పరీక్షలో బయటపడేసరికి కాలుష్య నివారణ కార్యాలయం నిర్ఘాంతపోయింది.

పదకొండేళ్లలో ఇంతటి ఘోరం జరగలేదు. మూడు లక్షల కోళ్లు రోజుకు ఐదు లారీల రెట్ట వేస్తున్నా, నెలనెలా పరీక్షకు వచ్చే సీసాలో నీళ్లు అద్దంలా ఉండేవి. వాగు మాత్రం ఆకుపచ్చగా, చిక్కగా పారేది. చేపలు వెల్లకిలా తేలితే విశ్రాంతి తీసుకుంటున్నాయని ఆఫీసు నమోదు చేసింది. ఆదివారం కోడికూర లొట్టలేసుకుంటూ తినేవాళ్లు కంపు సంగతి అడగడం మర్యాద కాదని ఊరు కూడా ఊరుకుంది. ఆ పచ్చదనానికి మెచ్చే ఫారానికి ‘హరిత నేస్తం’ పతకం ప్రకటించారు. ప్రదానం రేపే.

నమూనాల గుమస్తాకు ముచ్చెమటలు పోశాయి. నెలనెలా ఆ సీసా నింపి తెచ్చేది ఆయనే. రిటైర్మెంటుకు నలభై రోజులుంది. పట్టుబడితే ఉద్యోగంతోపాటు పింఛనూ గోవిందా.

పెద్దసారు గదిలో విచారణ మొదలైంది. అందరికీ మంచినీళ్లు ఇచ్చారు.

ఫారం యజమాని లేచాడు. “మా కోళ్లు క్రమశిక్షణ గలవండీ! షెడ్డు దాటి ఒక్క రెట్ట బయటికి పోదు. ఇది ఆ కొంగల పని. మా ఎదుగుదల చూసి ఓర్వలేకపోతున్నాయి!”

కొంగలకు నోటీసులివ్వాలని పెద్దసారు ఆలోచించారు. వాటికి చిరునామా లేకపోవడంతో విరమించుకున్నారు.

“రెట్ట కోడిదే సార్. మూడుసార్లు చూశాను. కోళ్లకు వేసే మందులు కూడా ఉన్నాయి” అంది ల్యాబు అమ్మాయి.

ఈ అమ్మాయిని ఇంత చదివించకుండా ఉండాల్సిందని గదిలో అందరికీ అనిపించింది.

పెద్దసారు గ్లాసు గటగటా ఖాళీ చేసి, రెండోది కూడా అందుకున్నారు. “ఏమయ్యా గుమస్తా, మళ్లీ నమూనా తీద్దాం. ఈసారి అందరం వస్తాం. ఇన్నేళ్లూ సీసా ఎక్కడ నింపావో సరిగ్గా అక్కడికే తీసుకెళ్లు. పద.”



“అంతదూరం వెళ్లక్కర్లేదు సార్” అన్నాడు గుమస్తా చేతులు జోడించి. “ఆ కంపుకి వాగు మొహం ఒక్కనాడూ చూడలేదు. మన ఆఫీసు కుళాయి కిందే సీసా పట్టేవాణ్ణి. ఆ కుళాయికి నీళ్లొచ్చే బోరు వాగుకి అరమైలు దూరంలో ఉందిగదా, అంతదాకా ఇంకదనుకున్నాను. పరీక్షలో తప్పింది వాగు కాదు సార్. మీరు రెండో గ్లాసు తాగుతున్నారే... ఆ నీళ్లే.”