ఓనరును బిగించిన ఇల్లు

అద్దెవాళ్లు నిలవని ఇళ్లలో ఓనరును విప్పి, పనికొచ్చే భాగాలను ఇంటికే బిగించే పద్ధతి తాడేపల్లిగూడేనికి వచ్చిన ఏడాది, ఉల్లిపాయల కమీషను వ్యాపారి చక్కా కోటిలింగం ముందుగా తన దగ్గు ఇచ్చాడు.

లాభనష్టాలు చూసుకోకుండా ఏదీ చేతిలోంచి వదిలే మనిషి కాదాయన. పై వాటాలో ఎవరూ నిలవడం లేదు. వచ్చినవాళ్లు అట్టపెట్టెలు పూర్తిగా విప్పకముందే మళ్లీ కట్టుకునేవాళ్లు. కోటిలింగం చేయించని మరమ్మతు లేదు. వంటగట్టుకు గ్రానైటు వేయించాడు, కిటికీలకు దోమతెరలు బిగించాడు, బాల్కనీలో బట్టలారేసుకోవడానికి స్టీలు కమ్మీలు పెట్టించాడు. ఖాళీ చేసేవాళ్లు తాళాలు చేతిలో పెడుతూ, "ఇల్లు మాత్రం బంగారమండీ" అనేవాళ్లు. ఆ "మాత్రం" ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. సరుకు బాగుండి కూడా కొనేవాడు నిలబడలేదంటే లోపం కొట్టులోనే ఉందని తెలుసు గానీ, కొట్టులో ఎక్కడుందో తెలియలేదు.

అది సుఖవాస గృహసేవల సంస్థ మెకానిక్ దావీదు కనిపెట్టాడు. అప్పటికి పై వాటాలో ఉంటున్న ఉపేంద్ర, నీలవేణి దంపతులు నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పేశారు. వాళ్లు పద్ధతైన మనుషులు, ఒకటో తారీకు దాటనివ్వరు. అలాంటివాళ్లను పోనివ్వడం ఇష్టంలేక కోటిలింగం దావీదును పిలిపించాడు. అతను గోడలు తట్టి, కుళాయిలన్నీ తిప్పి చూసి, కిందికి దిగి, మెట్ల పక్కన వసారాలో వాలు కుర్చీలో కూర్చున్న ఓనరు భుజం మీద కూడా స్క్రూడ్రైవరుతో రెండు దెబ్బలు తట్టాడు.

"లోపం ఇక్కడుందండీ."

"కుర్చీలోనా?"

"కుర్చీ బాగానే ఉందండీ."

కోటిలింగానికి కోపం రాలేదు. దావీదు విడమరిచి చెప్పాడు. పైకి వెళ్లాలంటే ఈ కుర్చీ దాటాలి. దాటే ప్రతి మనిషినీ ఎవరు, ఏ ఊరు, ఎన్నాళ్లుంటారు అని అడుగుతారు. నీళ్ల మోటారు స్విచ్చి ఓనరు మంచం పక్కన ఉంటుంది. పైన గోడకు మేకు ఆనిస్తే చాలు, కింద నుంచి ఒక దగ్గు వస్తుంది. ఆ దగ్గుకు భయపడి నీలవేణి తన పెళ్లి ఫొటోను ఇప్పటికీ బీరువాకు ఆనించి ఉంచింది.

"అయితే నన్ను తీసేస్తే ఉంటారంటావా?"

"తీసేయడం దేనికండీ? మీలో పనికిరానిదేమీ లేదు. పెట్టిన చోటే బాగోలేదు."

మర్నాడే దగ్గును విప్పి గేటుకు కాలింగ్ బెల్లుగా బిగించారు. నీలవేణి రెండుసార్లు నొక్కి చూసి, "అచ్చం మనిషి దగ్గినట్టే ఉందండీ, ఎంత బాగుందో!" అంది. తరువాత కోటిలింగం కోడికూతకు ముందే లేచే అలవాటును తీసి మోటారుకు కలిపారు. ట్యాంకు నిండని రోజు లేదు. నెలాఖరు వచ్చింది, వెళ్లింది. ఖాళీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆపైన కళ్లు. అవి ముఖానికి ఉన్నప్పుడు ఉపేంద్ర, "మెట్లెక్కుతుంటే వీపు మీద ఏదో పాకుతున్నట్టుంటుందిరా" అని స్నేహితులకు చెప్పుకునేవాడు. గేటు స్తంభానికి ఎక్కించాక అవి చూసిందంతా అతని ఫోనులోకే రావడం మొదలైంది. ఎవరొచ్చారు, చేతిలో ఏం తెచ్చారు, చుట్టాలు ఎన్నాళ్లున్నారు, అంతా. అదే ఫోను ఆఫీసులో అందరికీ చూపించి, "సెక్యూరిటీ అంటే ఇదండీ" అన్నాడు. ఇదివరకు చేపల సంచి మీద గోంగూర కట్టలు కప్పి తెచ్చిన మనిషి, ఇప్పుడు నమోదు సరిగ్గా పడాలని సంచి నోరు తెరిచి కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టేవాడు.

మునిసిపాలిటీవాళ్లు వచ్చి కొలిచారు. మనిషిని విప్పడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. కళ్లు ప్రహరీ దాటి రోడ్డు మీదికి పొడుచుకొచ్చాయని మాత్రం నోటీసిచ్చారు. దావీదు వాటిని కాస్త లోపలికి నొక్కాడు. అనుమతి వచ్చింది. ఇంట్లో సౌకర్యాలు పెరిగాయి కాబట్టి పన్ను కూడా పెరిగింది.

కర్నూలులో ఎక్కించిన ఉల్లిపాయల బస్తా గూడెంలో దించేసరికి కొంత బరువు తగ్గుతుంది. దాన్ని తరుగు అంటారు. తరుగు పోయిందని ఏ వ్యాపారీ లారీని వెనక్కి పంపడు. కోటిలింగం తన సంగతి కూడా ఆ లెక్కలోనే చూసుకున్నాడు. చేతులు మెట్లకు రెయిలింగుగా వెళ్లిన రోజు ఆయన భార్య వరహాలమ్మ కంచం పట్టుకుని వసారాలోకి వచ్చింది. అప్పటికి కుర్చీలో మిగిలింది నోరూ, చెవులూ, వాటిని మోసే కాస్త మనిషీ.

"చేతులు కూడా ఇచ్చేశారంట!"

"నీలవేణి గారికి నెలలు నిండుతున్నాయే. మెట్ల మీద ఆసరా లేదని ఆ అబ్బాయి మొహమాటపడుతూ అడిగాడు."

"ఇన్నేళ్లు కాపురం చేశాను. మోకాళ్లు పట్టేసి కూలబడ్డ రోజున కూడా ఒక చెయ్యి అందించారా నాకు?"

"నువ్వెప్పుడన్నా ఖాళీ చేసి పోతానన్నావా?"

వరహాలమ్మ ముద్ద కలిపి ఆయన నోట్లో పెట్టి, కంచం కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

నోటిని ఆఖరున తీశారు. ముందుగా దావీదు దాన్ని తుడిచి, లోపల పేరుకుపోయిన ప్రశ్నలన్నీ కడిగేశాడు. అద్దె అందగానే ఫోనులో పలికే కబురుకు దాన్ని అమర్చాడు. "అద్దె అందింది. ధన్యవాదాలు ఉపేంద్ర గారూ" అని అది మొదటిసారి పలికినప్పుడు ఉపేంద్ర నీలవేణిని కేకేసి మళ్లీ వినిపించాడు. బీరువాకు ఆనించిన పెళ్లి ఫొటో ఆ సాయంత్రమే గోడకెక్కింది.

చెవులూ, మిగిలిన కాస్త మనిషీ గేటు స్తంభంలోకే వెళ్లడంతో కింది వాటా బోసిపోయింది. వరహాలమ్మ గేటు దగ్గర నిలబడి ఏవండీ అంటే కళ్లు ఆమె వైపు తిరిగేవి కావు. రెయిలింగు పట్టుకుంటే ఇనుములా చల్లగా ఉండేది. సంస్థ ఆఫీసుకు ఫోను చేసింది.

"మీరు అద్దెదారులేనాండీ?" అంది అవతలి అమ్మాయి.

"ఓనరు పెళ్లాన్నమ్మా."

"ఆ కేటగిరీ లేదండీ. సేవలన్నీ అద్దెదారులకే."

వరహాలమ్మ ఆలోచించి, కింది వాటాలో వెనక గది అద్దెకు తీసుకుంది. ఇంటి తరఫున సంస్థే సంతకం చేసింది. అగ్రిమెంటులో మేకులు ఎన్నయినా కొట్టుకోవచ్చని ఉంది. సంతకం ఆరకముందే రెయిలింగు ఆమె చేతికి వెచ్చగా తగిలింది. మెట్టు దిగుతుంటే మోచెయ్యి పట్టుకుని పదిలంగా దింపింది. గేటు దగ్గరికి వెళ్తే కళ్లు ఆమెను వీధి చివరి దాకా సాగనంపి, తిరిగొచ్చేదాకా ఎదురుచూశాయి. అద్దె కట్టిన రోజు ఫోను పలికింది: "ధన్యవాదాలు వరహాలమ్మ గారూ." పెళ్లయిన నాటి నుంచి "ఒసే" తప్ప ఎరగని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటావిడను పిలిచి వినిపించింది.

"ఎంత మర్యాదో వదినా! మా ఆయన్ని ఎప్పుడు విప్పుతారో కాస్త కనుక్కో" అంది పక్కింటావిడ.

ఏడాది తిరిగితే సంస్థ అద్దెదారుల అభిప్రాయం అడగాలి. అది నిబంధన. ప్రశ్న ఒక్కటే: ఓనరును మళ్లీ మనిషిగా బిగించాలా? ఒక్కరు అవునన్నా బిగించి తీరాలి. గేటు స్తంభం మీద కోటిలింగం ఈ రోజు కోసం మనసులో లెక్క వేసుకునే ఉన్నాడు. ఉపేంద్ర వద్దంటాడు. చంకలో బిడ్డతో నీలవేణి కూడా వద్దంటుంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. మూడో మాట వరహాలమ్మది, అది మాత్రం అవుననే, ఖాయం. ఖాయమైన సరుకును చూపి అప్పు పుట్టించినవాడు కాబట్టి, ఆ ధైర్యంతోనే ఇంకోసారి కుర్చీలో కూర్చోవడం, తన చేత్తో తాను అన్నం కలుపుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు కూడా.

వరహాలమ్మ ఫోను తీసుకుని సరిగ్గా ఆయన కళ్ల ఎదుటికే వచ్చి నిలబడింది. ప్రశ్నను పైకి చదువుకుంది. ఒకసారి గేటు వైపు, ఒకసారి మెట్ల వైపు చూసింది. పాత కబురు ఒకటి వెతికి మళ్లీ విన్నది. కళ్లు తుడుచుకుని, వేలితో మెల్లగా "వద్దు" నొక్కింది.

ఆ వెంటనే ఆమె అరచేతిలోంచి కోటిలింగం గొంతు, ఎక్కడా వణకకుండా పలికింది.

"మీ అభిప్రాయం అందింది. ధన్యవాదాలు వరహాలమ్మ గారూ."