పర్మినెంట్ అయిన లెవల్

కాజీపల్లి పారిశ్రామికవాడలోని అచల దగ్గుమందు కర్మాగారంలో ఇకమీదట ఏదీ మారరాదని జనరల్ మేనేజరు వెంకటేశ్వరరావు గారు సోమవారం ఉత్తర్వు జారీ చేశారు. కారణం సబబైనదే. శుక్రవారం తనిఖీ బృందం వస్తోంది.

అసలు సంగతి ఆ ఉదయం సమావేశంలో బయటపడింది. యంత్రాలను నడిపే ప్రోగ్రాములో విలువలు రెండు రకాలని ఇంజనీరు హాజిరా వివరించింది. మారనివి కాన్‌స్టెంట్లు. ట్యాంకు వెయ్యి లీటర్లు పడుతుంది, రేపూ అంతే పడుతుంది. మారేవి వేరియబుళ్లు. ట్యాంకులో మందు ఎంత ఉందో చెప్పే లెవల్ అలాంటిది. అది వెయ్యికి రాగానే పంపు ఆగుతుంది.

"అంటే మన సంస్థలో పూటకో మాట చెప్పేవి ఉన్నాయన్నమాట!" మేనేజరు గారు నొచ్చుకున్నారు. "అన్నింటినీ పర్మినెంట్ చెయ్యండి."

"సార్, లెవల్ మారకపోతే ట్యాంకు నిండింది ఎట్ల తెలుస్తది?"

"క్రమశిక్షణ గల ట్యాంకు పొంగదమ్మా."

ఉత్తర్వు రాతలో తీసుకుని, హాజిరా లెవల్‌ను అయిదువందల లీటర్ల దగ్గర బిగించేసింది.

సమావేశం గది గుమ్మం దగ్గర లాగ్‌బుక్కుతో నిలబడ్డ మొగులయ్య చెవిన 'పర్మినెంట్' ఒక్కటే పడింది. చిట్కుల్ నుంచి వచ్చి పదిహేడేళ్లుగా ఆ ట్యాంకును చూసుకుంటున్న కాంట్రాక్టు కార్మికుడతను. పదకొండు నెలలకోసారి తీసేసి, నాలుగో రోజున కొత్తవాడిగా చేర్చుకోవడం సంస్థ ఆనవాయితీ. అంత అనుభవమున్న కొత్తవాడు జిల్లాలోనే లేడు.

నిన్నగాక మొన్నొచ్చిన లెవల్‌నే పర్మినెంట్ చేస్తుంటే తనను చెయ్యరా! ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవానికి అక్కడి నుంచే దండం పెట్టాడు. "తల్లీ, జెర నన్ను గూడ పర్మినెంట్ చెయ్యి. కొబ్బరికాయ కొడత."

శుక్రవారం తనిఖీ బృందం పంపు వేయించి, గంటసేపు కంప్యూటర్ తెర మీద లెవల్ చూసింది. అయిదువందలు. మళ్లీ చూసింది. అయిదువందలే. ఇంతటి నిలకడ ఎక్కడా చూడలేదని అధికారులు మురిసిపోయారు. సగమే నిండిందని నమ్మిన పంపు మాత్రం పోస్తూనే ఉంది. మేనేజరు గారు "స్థిరత్వమే మా ఊపిరి" అని ప్రసంగం ఎత్తుకునేసరికి దగ్గుమందు మెట్లు దిగి వచ్చి అందరి బూట్లనూ పలకరించింది. ఒక అధికారి బూటును అక్కడే వదిలి కదలాల్సి వచ్చింది.

"అగో, మునిగినం పో! జల్దీ జరుగున్రి!" మొగులయ్య ఆ బంకలో జారుతూ పాకుతూ వెళ్లి వాల్వును చేత్తో తిప్పి కట్టేశాడు. నెత్తి నుంచి కాలిదాకా తీపి. తెర మీద అయిదువందలు.

విచారణ సాయంత్రానికే ముగిసింది. రికార్డు ప్రకారం ట్యాంకు పొంగలేదు. పొంగని మందును తుడవడానికి నలుగురిని పెట్టారు.

"సారూ, పదిహేడేండ్ల సంది చేస్తున్న. గిప్పుడన్న పర్మినెంట్ చెయ్యున్రి," అన్నాడు మొగులయ్య.

మేనేజరు గారి కళ్లు చెమర్చాయి. "మొగులయ్యా! అవసరాన్ని బట్టి కదిలేది ఒక్కటైనా ఉండాలని ఇవాళే తెలిసింది. నిన్ను పర్మినెంట్ చేసి పాడుచెయ్యలేను!"

చప్పట్లు మోగాయి.

మరునాటితో పదకొండు నెలలూ నిండాయి. బుధవారం మొగులయ్య కొత్తగా చేరాడు. దరఖాస్తులో 'పూర్వానుభవం' దగ్గర ఎప్పట్లాగే 'లేదు' అని రాశారు.

లెవల్‌ను చడీచప్పుడు లేకుండా మళ్లీ వేరియబుల్ చేస్తున్న హాజిరా దగ్గరికి వెళ్లాడు. "మేడం, గా మారనోళ్ల లిస్టుల నా పేరు గూడ రాయరాదు?"

"రాసిన మొగులన్నా," అంటూ తెర చూపించింది. 'మొగులయ్య: టెంపరరీ.' "ఈడ పదిహేడేండ్ల సంది మారనిది గదొక్కటే."

మొక్కు మొక్కే కదా! ఆదివారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట వెళ్లి కొబ్బరికాయ కొట్టాడు.

"పర్మినెంట్ చెయ్యమంటే నా టెంపరరీనే పర్మినెంట్ చేసినవా తల్లీ! నువ్వు గూడ మా ఆఫీసోళ్ల లెక్కనే అర్జీ సదివినవ్."