అరవై భోజనం డబ్బాలు

షేర్ల మార్కెట్లో ప్రభుత్వం ఎట్టి పరిస్థితుల్లోనూ జోక్యం చేసుకోదని తైపేలో సోమవారం ఉదయం అధికారికంగా ప్రకటించారు. ఆ జోక్యాన్ని చూసుకునే మార్కెట్ ధైర్య సంరక్షణ కమిటీ అదే మధ్యాహ్నం రహస్యంగా సమావేశమై, అరవై భోజనం డబ్బాలు తెప్పించుకుంది.

డబ్బాలు పంపేది కమిటీ భవనం పక్క సందులో ఉన్న గావ్ ఛుంజూ గారి కొట్టు. ముప్పై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ కోసం దాచుకున్నదంతా షేర్లలో పెట్టింది. సూచీ ఎనిమిది వేలు దాటగానే అమ్మేసి ఆసుపత్రిలో చేరాలని ఆవిడ ఆలోచన.

మామూలు రోజుల్లో కమిటీ ఆఫీసు సిబ్బందికి పన్నెండు డబ్బాలు చాలు. మార్కెట్‌ను నిలబెట్టడానికి షేర్లు కొనాల్సిన రోజున సభ్యులందరూ వస్తారు కనుక అరవై. ఇది దేశ రహస్యం కాబట్టి, గుమాస్తా లాయ్ ఉదయం ఎనిమిదిన్నరకు స్వయంగా వచ్చి ఆ సంఖ్యను ఆవిడ చెవిలో చెబుతాడు. ఆవిడ వెంటనే అరవై పంది మాంసం ముక్కలు వేయించడం మొదలుపెడుతుంది. కొట్టు పైన మేడ మీదే బ్రోకరు ఆఫీసు. రోజూ అక్కడ కూర్చునే ఆడవాళ్లు మెట్ల మీంచి మూకుడులోకి తొంగిచూసి, పరుగున వెళ్లి షేర్లు కొంటారు. తొమ్మిదింటికి మార్కెట్ తెరిచేసరికి బోర్డంతా ఎరుపే, అంటే లాభమే.

ఈ ఏర్పాటు సజావుగా సాగుతుండగా సింగపూర్‌కు కన్నుకుట్టింది. మన సూచీ పెరుగుతుందా పడుతుందా అని అక్కడి ఫ్యూచర్స్ మార్కెట్లో పందేలు కాస్తారు. అది మనకంటే పావుగంట ముందే తెరుచుకుంటుంది. వాళ్ల మనిషి ఒకడు రోజూ కొట్టులో కూర్చుని, సోయాలో ఉడికిన గుడ్డు తింటూ, మాంసం ముక్కలు లెక్కపెట్టి ఫోన్ చేయసాగాడు. మన మూకుడులో పరాయి చెయ్యి పడిందని కమిటీ అధ్యక్షుడు గర్జించాడు. దేశ సార్వభౌమాధికారాన్ని కాపాడేందుకు సభ్యులంతా ఇంటి నుంచే భోజనం తెచ్చుకోవాలని తీర్మానించారు. మర్నాడు మూకుడు చల్లగా ఉండడం చూసి, ప్రభుత్వం చేతులెత్తేసిందనుకున్నారు జనం. సూచీ నాలుగు శాతం పడింది.

దాంతో కమిటీకి జ్ఞానోదయమైంది. షేర్లు కొనడం ఖర్చు. డబ్బాలు కొనడం చవక. నాటి నుంచి సమావేశం లేకపోయినా రోజూ అరవై. సాయంత్రానికి నలభై ఎనిమిది డబ్బాలు రబ్బరు బ్యాండు తియ్యకుండానే తిరిగొచ్చేవి. లోపల సమావేశమే జరగలేదనీ, కమిటీ ఏ షేరూ కొనలేదనీ బయటివాళ్లలో ఛుంజూ గారొక్కరికే తెలుసు. అయినా సూచీ పెరిగింది.

సింగపూర్ ఊరుకుంటుందా? డబ్బాల సంఖ్య మీదే కొత్త పందెం తెరిచింది, ఉదయం ఏడింటికి. మనవాళ్లు ఆరింటికి తెరిచారు. వాళ్లు అయిదింటికి తెరిచారు. ఛుంజూ గారు నాలుగింటికే పొయ్యి ముందు నిలబడాల్సి వచ్చింది. ఆసియాలో ఆరోగ్యకరమైన పోటీకి ఇది నిదర్శనమని అధ్యక్షుడు ఉపన్యసించాడు, కుర్చీలో కూర్చునే.

ఒక గురువారం సూచీ ఎనిమిది వేలు దాటింది. ఆవిడ ఏప్రాన్ విప్పి మెట్లవైపు నడిచింది. లాయ్ అడ్డొచ్చాడు.

"ఎక్కడికి పిన్నీ?"

"పైకి. నా షేర్లు అమ్ముకుంటాను."

"మీరు అమ్మకూడదు పిన్నీ. కమిటీలో వాళ్లు సంతకాలే పెడతారు. మార్కెట్‌ను మోస్తున్నది మీరే."

"మోస్తున్నవి నా మోకాళ్లురా అబ్బాయ్. వాటినడుగు, ఒప్పుకుంటాయేమో."

ఇరవై రెండు మెట్లు. కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. మూడో మెట్టు దగ్గర పైనుంచి ఒకావిడ చూసింది.

"ఏం వదినా, పొయ్యి వదిలేసి వస్తున్నావ్?"

అయిదో మెట్టుకు గుసగుసలు. పదో మెట్టుకు అందరూ అమ్మకానికి ఎగబడ్డారు. ఆవిడ కౌంటరు చేరేసరికి బోర్డంతా ఆకుపచ్చ. కొనే నాథుడు లేడు.

కమిటీ అత్యవసరంగా స్పందించింది. లాయ్ వచ్చి చెవిలో చెప్పాడు: నూట ఇరవై.

ఆవిడ మెట్లు దిగి పొయ్యి వెలిగించింది. మూకుడు చూసి పైన కొనుగోళ్లు మొదలయ్యాయి. ఆ నూట ఇరవైలో నూట ఎనిమిది డబ్బాలు తిరిగొస్తాయని ఆవిడకు తెలుసు. తెలిసీ, గల్లాపెట్టెలో నోట్లన్నీ తీసి మేడ మీదికి పంపింది.

"నా పేరన కూడా కొనండర్రా."

ఇంతవరకూ విన్నాక మీరు అడగబోయేది ఆవిడ మోకాళ్ల సంగతి కాదని తెలుసు. రేపటికి నూట నలభై చెప్పారు.