చాయ్ తాగినాక బండికి వంక పెట్టరాదు

పాత మోటార్ సైకిల్ కొనేముందు దాన్ని పరీక్షించి చూడటం శుద్ధ అమర్యాద! నా మాట వినండి. ఎవరైనా అమ్ముతుంటే నమ్మండి, కొనండి, తోసుకుంటూ ఇంటికి తెచ్చుకోండి.

ఇది గాలి మాట కాదు. మా ఊరి హన్మండ్లు ఇంట్లో కళ్లారా చూసి చెబుతున్నాను.

హన్మండ్లుకు నాలుగు బర్రెలున్నాయి. తెల్లవారకముందే ఆయన భార్య గంగామణి పాలు పిండుతుంది. ఆ పాలు బోధన్‌లో జాఫర్ చాయ్ హోటల్‌కు చేరాలి. జాఫర్ పొయ్యి వెలిగించే వేళకు చేరకపోతే ఆయన ప్యాకెట్ పాలు పోసుకుంటాడు. ఇన్నాళ్లూ ఆటోలో పంపేవారు. ఆటోవాడు నిద్ర లేచినప్పుడే తెల్లారేది. అందుకని ఒక పాత బండి కొందామనుకున్నారు.

బోధన్‌లో మల్లికార్జున్ అనే ఆయన బండి అమ్ముతున్నాడని తెలిసింది. మా ఊళ్లో ఏది కొన్నా నలుగురు పెద్దమనుషులు వెంట ఉండాలి. వాళ్లలో పెద్ద అయిన పోశయ్య లేకుండా అయితే చీపురు కూడా కొనం. నేనూ ఆ నలుగురిలో ఒకణ్ణి.

బయల్దేరుతుంటే గంగామణి ఆపింది.

"ఇప్పుడెందుకు మామా? రేపు పొద్దుగాల పోండ్రి. ఆయన ముట్టకముందే, ఇంజన్ సల్లగున్నప్పుడు కిక్కు కొట్టి సూడుండ్రి."

పోశయ్య నవ్వాడు. "బండంటే బర్రెనా బిడ్డా, రెండు పూటలు పిండి సూసుడుకు?"

బర్రెల బేరం తెలియనివారికి ఒక మాట. మా దిక్కు పాడి బర్రెను ఒక్కసారి చూసి ఎవరూ కొనరు. అమ్మేవాడు ముందు పూట పాలు పిండకుండా ఆపితే పొదుగు నిండుగా కనబడుతుంది. కాబట్టి కొనేవాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తన చేత్తో పిండి చూసుకుంటాడు.

"బర్రె మారింది గని, అమ్మేటోడు మనిషే గద మామా!" అంది గంగామణి.

ఆడవాళ్లకు బండ్ల సంగతి ఏం తెలుసు? మేం కడుపు నిండా తిని, తీరుబడిగా మధ్యాహ్నం పోయాం.

మల్లికార్జున్ ఎంత మర్యాదస్తుడో! బండిని కడిగి, తుడిచి, సీటుకు కొత్త కవర్ తొడిగి నిలబెట్టాడు. "ఇప్పుడే పెట్రోల్ పోయించుకొచ్చిన అన్నా, మీకు తక్లీఫ్ కావద్దని" అన్నాడు. ఎంత ప్రేమ! ఇంజన్ మీద చెయ్యి పెడితే పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది.

పరీక్ష మొదలైంది. ఒకాయన నంబర్ ప్లేట్ మీది అంకెలు కూడి, మంచి నంబరే అని తేల్చాడు. ఒకాయన టైరును చెప్పు కాలితో రెండు తన్నులు తన్నాడు. పోశయ్య ఎద్దు పళ్లు చూసినట్టు హెడ్‌లైట్ లోపలికి చూసి, తర్వాత హారన్ కొట్టాడు. హారన్ మోగింది! అందరి ముఖాలూ వెలిగిపోయాయి. "మైలేజ్ ఎంతిస్తది?" అని అడగాలి కాబట్టి అడిగాం. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు.

కిక్కు కొట్టగానే ఒక్క దెబ్బకే స్టార్ట్! వెనక నుంచి నీలం పొగ వచ్చింది. పోశయ్య దాన్ని తేరిపార చూసి, "రంగు మంచిగున్నది" అన్నాడు.

హన్మండ్లు మెల్లగా నోరు తెరిచాడు. "అన్నా, గీ పొగ..."

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి చాయ్ వచ్చింది.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. ఒకరింట్లో చాయ్ తాగినాక వాళ్ల వస్తువుకు వంక పెట్టరాదు. హన్మండ్లు తెరిచిన నోట్లో బిస్కెట్ పెట్టుకున్నాడు. నేను రెండు కప్పులు తాగాను. అల్లం వేసిన చాయ్! ఆ తర్వాత గల్లీ కొస దాకా బండి నడిపి చూడమన్నాడు మల్లికార్జున్. చూశాం. గల్లీ కొస దాకా బ్రహ్మాండంగా నడిచింది.

మర్నాటి నుంచి మా ఊరికి మంచిరోజులు మొదలయ్యాయి.

ఆ బండి చల్లగా ఉంటే లేవదు. వేడిగా ఉంటే లేస్తుంది. తెల్లవారుజామున బండి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కాబట్టి రోజూ తోయాలి. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఇద్దరున్నారు మా వాడలో. ఇప్పుడు ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు నిలబడి తోస్తారు. ఇప్పటికీ మాట్లాడుకోరు, కాని చెమటలు కలిసే కారుతున్నాయి. ఏ పంచాయితీ చేయగలిగింది ఈ పని?

నిజామాబాద్‌లో జనం ఫీజు కట్టి జిమ్‌కు పోతారట. పిచ్చివాళ్లు!

బండిని ఒక్క పూటకు ఇవ్వమని అడిగే బావమరిది ఇప్పుడు ఆ ఇంటి దిక్కే రాడు. పొగకు వాడలో దోమలు పోయాయి. ఒకనాడు దొంగ కూడా ఎత్తుకుపోయాడు. తోసి తోసి, ఊరి చివర కల్వర్టు మీద వదిలేసి పోయాడు పాపం. తెగిన చెప్పు ఒకటి అక్కడే పడి ఉంది. ఏ లాకు, ఏ సీసీ కెమెరా ఇస్తుందండీ ఇంత భద్రత?

ఇక పాల సంగతి. కాలువ గట్టు మీద ఆగి, ఆగి, ఎండెక్కాక బోధన్ చేరేసరికి క్యాన్లలో పాలు విరిగేవి. వాల్యూ అడిషన్ అని మీటింగుల్లో చెప్పేది ఇదే కదా!

కాని జాఫర్‌కు మీటింగుల అలవాటు లేదు. ఫోన్ చేశాడు.

"హన్మండ్లన్నా, నేను చాయ్‌కి పాలడిగిన. నువ్వు పనీర్ తెస్తున్నవ్. గీ వారం సూస్త, గంతే. తర్వాత ప్యాకెట్ పాలే."

జాఫర్ గిరాకీ పోతే ఆ ఇంట్లో బర్రెలకు దాణా కూడా రాదు. ఆ మాట విన్న గంగామణి బకెట్ కడిగి బోర్లించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తన సొంత కొత్త బండి మీద మల్లికార్జున్ వచ్చాడు. ఇంట్లో మనవడు పుట్టాడట. పసిపిల్లవాడికి ప్యాకెట్ పాలు మంచివి కావట. హన్మండ్లు బర్రెల పేరు విని ఒకటి కొందామని వచ్చాడు. వస్తూనే చొక్కా చేతులు పైకి మడిచాడు.

"రెండు పూటలు పిండి సూసుకుంట చెల్లె. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటం అన్నా! ముందుగాల చాయ్ తాగు."

తాగాడు. గ్లాసు కింద పెట్టగానే గంగామణి అంది, "ఇగ పిండుడెందుకు? కొమ్ములు సూడు, రంగు సూడు. గల్లీ కొస దాంక తోలి సూసుకో."

మల్లికార్జున్ బిత్తరపోయాడు. "పిండకుండ బర్రెను ఎట్ల కొంటరు చెల్లె?"

"మావోల్లు బండిని ఎట్ల కొన్నరో గట్ల!"

అక్కడే ఉన్న పోశయ్య మీసం చాటున దగ్గాడు. గంగామణి మళ్లీ మెత్తబడింది. "సరే అన్నా, ఈ పూట పిండు. ఈడనే పండు. పొద్దుగాల ఇంకో పూట పిండు. గని పొద్దుటి పాలు నువ్వే జాఫర్‌కు ఇచ్చి రావాలె. నువ్వమ్మిన బండే ఉన్నది గద. మంచి బండని నువ్వే సెప్పినవ్."

కాదనడానికి వీలేదీ? చాయ్ తాగేశాడాయె.

తెల్లారింది. పాలు పిండాడు. క్యాన్లు పాత బండికి కట్టాడు. కిక్కు కొట్టాడు. చోక్ లాగి కొట్టాడు. ప్లగ్ విప్పి, తన చేతిరుమాలుతో తుడిచి కొట్టాడు. అలవాటు కొద్దీ అన్నదమ్ములిద్దరూ తోయడానికి వస్తే గంగామణి చేయి అడ్డం పెట్టింది. "తొయ్యకుండ్రి. ఆయన కాలు తెలిసిన బండి. ఆయనకే లేస్తది."

చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. హన్మండ్లు జేబులో ఫోన్ మోగుతోంది. జాఫర్!

మల్లికార్జున్ బండిని ఒక్క తన్ను తన్నాడు. "గిదేం బండి చెల్లె! సచ్చిన బండి! గిది ఈ జన్మల లేవది!"

వాడ మొత్తం విన్నది. గంగామణి నెమ్మదిగా అంది.

"అట్లనకు అన్నా. మా ఇంట్ల చాయ్ తాగినవ్."

ఆ పూట పాలు మల్లికార్జున్ కొత్త బండి మీద పోయాయి. జాఫర్ గిన్నె పొయ్యి మీద పెట్టే వేళకు చేరాయి. తర్వాత బర్రె బోధన్ పోయింది. దాని వెనకే పాత బండి కూడా ఆటో ఎక్కి పోయింది. ఆ రెంటికీ బదులుగా మల్లికార్జున్ కొత్త బండి హన్మండ్లు కొట్టం ముందర నిలబడింది. నిలబడేముందు గంగామణి దాన్ని రెండు పూటలు చూసింది, చల్లగా ఉన్నప్పుడు.

ఇంత జరిగాక మా ఊరి పెద్దమనుషులకు జ్ఞానోదయం అయి ఉంటుందని మీరు అనుకోవచ్చు. పోశయ్య ఇప్పుడు తన కోసం సిరికొండలో ఒక పాత బండి చూశాడు. నన్నూ రమ్మన్నాడు.

"పొద్దుగాలనే పోదాం, ఇంజన్ సల్లగుంటది" అన్నాను.

పోశయ్య మీసం దువ్వుకున్నాడు.

"గంత పొద్దుగాల పోతే," అన్నాడు, "ఆళ్లింట్ల చాయ్ అయితదా?"