వెచ్చని ఇంటి ప్రారంభోత్సవం

బెల్‌గ్రేడ్ నగరంలో చలికాలం అక్టోబరు పదిహేనున మొదలవుతుంది. ఇది ప్రకృతి ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, అధికారుల నిర్ణయం. ఆ రోజున ఊరి చివర పెద్ద బాయిలర్లు వెలిగిస్తారు. భూమిలోని గొట్టాల వెంట వేడినీళ్ళు బయలుదేరి ప్రతి ఇంటి గోడకీ ఉన్న రేడియేటర్లలోకి చేరతాయి. అంతకు ముందురోజు ఎంత మంచు కురిసినా అది చలి కింద లెక్క రాదు. పౌరుడు చేయవలసిందల్లా గోడ పక్కన నిలబడి, రేడియేటరు మీద చెయ్యి పెట్టి, ప్రభుత్వం ఉందని నిర్ధారించుకోవడమే.

వుకాషిన్ ఈ పద్ధతిలోనే పుట్టి పెరిగాడు. బీమా కంపెనీలో గుమాస్తాగిరీ, ఏడో అంతస్తులో చిన్న ఫ్లాటు. వేడి అనేది పొద్దు పొడిచినట్టు దానంతటదే వచ్చే వస్తువని అతని నమ్మకం. అందువల్ల ఆ ఫ్లాటు అమ్మేసి, కడుపుతో ఉన్న భార్య తియానాతో కొండ మీది గోర్న్యా లిపా అనే పల్లెకు కాపురం మార్చిన ఏడు, అక్టోబరు పదిహేనున పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, హాల్లో రేడియేటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి చెయ్యి మార్చాడు.

ఆ ఇంటి గురించి రెండు మాటలు చెప్పాలి. మూడంతస్తులు. గేటుకి రెండు సిమెంటు సింహాలు. కట్టినవాడు మిలుతిన్, వియన్నాలో ముప్పై ఏళ్ళు ఇటుకలు మోసినవాడు. పరదేశం వెళ్ళి కష్టపడ్డ ప్రతివాడూ సొంతూరిలో మేడ కట్టడం ఆ ప్రాంతపు మర్యాద. కట్టేది ఉండడానికి కాదు, దారినపోయేవాళ్ళు చూడడానికి. మిలుతిన్ ప్రతి గదిలోనూ రేడియేటరు పెట్టించాడు. వాటి గొట్టాలు పైనుంచి కిందికి దిగి, నేలమాళిగ దాకా వచ్చి, అక్కడ రంపంతో కోసిన మూతులు తెరుచుకుని గోడకేసి చూస్తూ ఆగిపోయాయి. బాయిలరు కొనలేదు. ఆయన ఏటా ఆగస్టులో మాత్రమే వచ్చేవాడు, వచ్చినా గారేజీ పైగదిలోనే పడుకునేవాడు. ఆగస్టు నెలకి ఆ ఏర్పాటులో ఎన్నడూ ఏ లోపమూ కనబడలేదు.

వుకాషిన్ ఇల్లు కొనేముందు బాగానే తనిఖీ చేశాడు. రేడియేటర్లు లెక్కపెట్టాడు. వేలితో కొట్టి చూశాడు. వాటి వెనక ఏముందని మాత్రం అడగలేదు. మంత్రిగారి మేడ ఎక్కణ్ణించి వచ్చిందని అడగనట్టే, వేడినీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయని కూడా నగరంలో ఎవరూ అడగరు.

తియానాకి అప్పటికి ఏడో నెల. వంటింట్లో కోటు వేసుకుని కూర్చుని, నోట్లోంచి ఆవిరి వదులుతూ శాంతంగా చెప్పింది.

"చూడు, నేను పోట్లాడను. పోట్లాడితే ఒంట్లో ఉన్న కాస్త వేడీ ఖర్చయిపోతుంది. డిసెంబరులో బిడ్డ పుడుతుంది. ఈ ఇంట్లో నేను కోటు విప్పుకుని కూర్చోగలిగితే బిడ్డనెత్తుకుని ఇక్కడికే వస్తా. లేదంటే ఆస్పత్రి నుంచి తిన్నగా మా అమ్మ దగ్గరికి. అక్కడ నీకు చోటుండదు, ఆ సంగతి నీకూ తెలుసు."

తెలుసు. అత్తగారు దేసాంకకి ఉన్న రెండు గదుల ఇంట్లో పియానోకి చోటుంది, పిల్లికి చోటుంది, చనిపోయిన మామగారి చేపల గాలాలకి కూడా చోటుంది. అల్లుడి విషయం ఆవిడ పెళ్ళినాడే తేల్చేసింది.

కాబట్టి ఇంటిని ఎలా వెచ్చబరచవచ్చునో నేర్చుకోవడానికి వుకాషిన్ పూనుకున్నాడు. అందుకు గోర్న్యా లిపాని మించిన విశ్వవిద్యాలయం లేదు. ఆ ఊళ్ళో బడి మూతపడి చాలా కాలమైంది గానీ, ఆచార్యులకి కొదవ లేదు.

మొదట పక్కింటి రాదోయ్కో వచ్చాడు. ప్లమ్ పళ్ళ సారా, అదే రాకియా, ఒక గ్లాసు పుచ్చుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"వేడంటే ఓక్ కట్టెల వేడే. మిగతావన్నీ పట్నంవాళ్ళ వేషాలు. ఇంతకీ కట్టెలెప్పుడు కొన్నావు?"

"ఇప్పుడు కొందామని."

రాదోయ్కో నవ్వాడు. నవ్వడానికి నిలబడ్డ చోటు సరిపోక కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వాడు. "అక్టోబరులోనా? పెళ్ళయిపోయాక పిల్లని చూడ్డానికి వెళ్ళినట్టుందయ్యా నీ యవ్వారం. ఇప్పుడు దొరికేవి పచ్చివి. పొయ్యిలో పెడితే ఏడుస్తాయి, నువ్వూ పక్కన కూర్చుని ఏడవాలి."

రాదోయ్కో కట్టెల పేర్పు రోడ్డు పక్కన ఇంటిచూరు దాకా ఉంటుంది. ఒక్క కట్టె ముందుకి రాదు, ఒక్కటి వెనక్కి పోదు. ఆ ఊళ్ళో మనిషి పరువు కట్టెల పేర్పులోనే ఉంటుంది. సంబంధాలకి వచ్చేవాళ్ళు ముందు దాన్ని చూసి, తర్వాత పిల్లాడి మొహం చూస్తారు. అంత అందమైన పేర్పుని పాడుచెయ్యడానికి రాదోయ్కోకి మనసొప్పదు. అందుకని చలికాలమంతా ఎండుపుల్లలూ, తెగిపోయిన బూట్లూ కాల్చుకుంటాడు.

తర్వాత వచ్చినవాడు పెత్రోనియే, రిటైరైన స్టేషను మాస్టరు. ఆయనది కరెంటు పొయ్యి. లోపల బరువైన ఇటుకలుంటాయి. రాత్రిపూట చవక కరెంటుతో అవి కాగి, పగలంతా వేడినిస్తాయని సిద్ధాంతం. ఆచరణలో అవి తెల్లవారుజామున పంది మాంసం వేపుకునేంత కాగి, సాయంత్రానికి శవంలా చల్లబడతాయి.

"మరి మీకు ఎప్పుడు వెచ్చగా ఉంటుంది మాస్టారూ?"

"నిద్రలో," అన్నాడు పెత్రోనియే గర్వంగా. "ఆ సుఖం అనుభవించాలంటే మధ్యలో లేచి చూసుకోవాలి."

మూడోవాడు గ్రామ సంఘం అధ్యక్షుడి మేనల్లుడు. రంపపు పొట్టుతో చేసిన గుళికలూ, వాటిని కాల్చే యంత్రమూ అమ్ముతాడు. యంత్రం అన్నీ దానంతటదే చేసుకుంటుంది, మనం పక్కనుంటే చాలట. కరెంటు పోతే ఆగిపోతుంది. మంచు పడితే ఆ ఊళ్ళో కరెంటు పోతుంది. అంటే ఎండ కాసే రోజుల్లో దానికి సాటిలేదు.

ముగ్గురికీ ఒక్క విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. అసలు శత్రువు చలి కాదు, ఎదురుగాలి. ఎదురెదురుగా రెండు తలుపులో, రెండు కిటికీలో ఒకేసారి తెరిచి ఉంటే, ఒకదాంట్లోంచి గాలి దూరి, మధ్యలో ఉన్న మనిషి మూత్రపిండాలూ, సగం మూతీ పట్టుకుని రెండోదాంట్లోంచి వెళ్ళిపోతుంది. ఇది ఆ దేశంలో పసిపిల్లలకీ తెలుసు, పెద్ద డాక్టర్లకీ తెలుసు. మిలుతిన్ తండ్రి తొంభై మూడో ఏట పోతే, ఎవరు కిటికీ తీశారని ఊరంతా ఆరా తీసింది.

వుకాషిన్ పట్నం వెళ్ళి ఫోమ్ పట్టీలు కొనుక్కొచ్చి, మూడంతస్తుల కిటికీలన్నీ సందు లేకుండా బిగించాడు. నవంబరు నాటికి ఆ ఇంట్లో పూర్తయిన తాపన కార్యక్రమం అదొక్కటే. లోపలి చలి బయటికి పోకుండా చక్కగా ఆగింది.

ఈలోగా ఆచార్యుల ఇళ్ళకి కూడా వెళ్ళి చూశాడు. అన్నీ పెద్ద ఇళ్ళే. అన్నిట్లోనూ మనుషులు మాత్రం వంటింట్లోనే. ఒక పాత ఇనప పొయ్యి చుట్టూ తాత, మామ్మ, కోడలు, కుక్క, ఆరేసిన లాగులు. మిగతా గదులు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మూతే.

"ఆ గదులెందుకు మరి?" అని రాదోయ్కోని అడిగాడు.

"అతిథులకి."

"అతిథులొస్తే అక్కడ కూర్చోబెడతారా?"

"నీకేమన్నా పిచ్చా? అక్కడ గడ్డకట్టి చస్తారు. వంటింట్లో కూర్చోబెడతాం."

ఇది విని తియానా అంది, "మనమూ వంటింట్లో ఒక ఇనప పొయ్యి పెట్టుకుందాం. అక్కడే మంచం వేసుకుందాం. ముగ్గురికి సరిపోతుంది."

వుకాషిన్ మనసు కష్టపెట్టుకున్నాడు. మూడంతస్తులు కొన్నవాడు వంటింట్లో కాపురం పెడితే ఆఫీసువాళ్ళు చూడడానికొచ్చినప్పుడు ఏమనుకుంటారు? ఆఫీసువాళ్ళెవరూ వస్తామనలేదు. అయినా ఏమనుకుంటారు?

సరిగ్గా అప్పుడే గ్రామ సంఘం అధ్యక్షుడు జీవోరాద్ 'వెచ్చని పల్లె' పథకంతో వేంచేశాడు. పథకానికొక ఆదర్శ గృహం కావాలి. ఊళ్ళో ప్రతి గదిలోనూ రేడియేటరున్న ఇల్లు ఇదొక్కటే. బయటి చలిలోంచి వేడిని లాగి లోపలికి పంపే హీట్ పంపు ఉచితంగా పెడతామన్నాడు. "బయట ఎంత చలి ఉంటే లోపల అంత వేడి" అన్నాడు. ఎవరూ కాదనలేదు, అధ్యక్షుడి మాట కనుక.

తెల్లటి పెట్టెను రోడ్డు వైపు గోడకి బిగించారు, దారినపోయేవాళ్ళకి కనబడాలి కాబట్టి. బిగించినవాళ్ళు వెళ్ళిపోయారు. నేలమాళిగలో గొట్టాల మూతులు అలాగే ఉన్నాయి.

"కలపడం ఎప్పుడండీ?" అని వుకాషిన్ అడిగాడు.

"అది రెండో దశ," అన్నాడు జీవోరాద్. "మొదటి దశ ప్రారంభోత్సవం. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. బిడ్డకి ముందు పేరు పెడతారా, ముందు నడక నేర్పుతారా?"

ఈ వాదనకి జవాబు లేదని వుకాషిన్ ఒప్పుకున్నాడు. చదువుకున్నవాళ్ళు తొందరగా ఒప్పుకుంటారు.

డిసెంబరు మొదటి ఆదివారం ప్రారంభోత్సవం జరిగింది. నిప్పుల మీద తిప్పిన పంది ఉందని తెలిసి ఊరు ఊరంతా వచ్చింది. హాల్లో గోడకి పెద్ద ఉష్ణమాపకం వేలాడదీశారు. చర్చి పూజారి పవిత్రజలం చల్లితే, చుక్కలు గోడ మీదే గడ్డకట్టాయి. జనం కోట్లతోనూ, గొర్రెతోలు టోపీలతోనూ భుజం భుజం ఒరుసుకుని నిలబడ్డారు. చక్కెర వేసి కాచిన రాకియా గ్లాసుల్లో పొగలు కక్కుతూ తిరిగింది. మగవాళ్ళందరూ సిగరెట్లు వెలిగించారు. జీవోరాద్ రిబ్బను కత్తిరించి మాట్లాడాడు.

"సోదర సోదరీమణులారా, మన తాతలు చలికి వణికారు. మన తండ్రులు వణికారు. మనమూ వణికాం, కానీ ఒక ప్రణాళిక ప్రకారం వణికాం. నేటితో ఆ చీకటి యుగం సమాప్తం. ఈ ఇంట పుట్టబోయే పసికందు చలి అనే మాటని నిఘంటువులో వెతుక్కోవాలి."

ఉపన్యాసం ముప్పావు గంట సాగింది. గాలి చొరబడని గదిలో అంతమంది జనం ఊపిరి వదులుతూ, తాగుతూ, చప్పట్లు కొడుతూ ఉంటే ఉష్ణమాపకంలో గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ముందు పెత్రోనియే గుండీ ఒకటి విప్పాడు. తర్వాత టోపీలు లేచాయి. చివరికి గీత ఇరవై రెండు డిగ్రీలు చేరింది. "చూశారా," అన్నాడు జీవోరాద్ గోడ వైపు చెయ్యి చాచి. జనం చప్పట్లతో గది ఇరవై మూడుకి చేరింది.

తియానా కోటు విప్పింది. ఆ ఇంట్లో కోటు లేకుండా భార్యని చూడడం వుకాషిన్‌కి అదే మొదలు. కడుపు ఎంత పెద్దదైందో అప్పుడే తెలిసింది. అతని కళ్ళు చెమర్చాయి. గొట్టం దేనికీ తగిలించలేదని ఆ పొద్దున్నే కిందికి వెళ్ళి తన కళ్ళతో చూసి వచ్చాడు. అయినా ఉష్ణమాపకం అబద్ధమాడదు గదా. అతనూ చప్పట్లు కొట్టాడు.

కాసేపటికి తియానా మొహం పాలిపోయింది. "కిటికీ కొంచెం తీస్తారా," అంది.

జనం తలలన్నీ అటు తిరిగాయి.

"కడుపుతో ఉండి అవేం మాటలే అమ్మాయ్," అంది రాదోయ్కో భార్య.

"ఊపిరాడట్లేదండీ."

"ఊపిరాడక పోయినవాళ్ళు మా ఊళ్ళో లేరమ్మా. ఎదురుగాలికి పోయినవాళ్ళే ఉన్నారు."

తియానా జనాన్ని తోసుకుని వెళ్ళి వీధి తలుపు బార్లా తీసి వాకిట్లోకి నడిచింది. సరిగ్గా అదే క్షణంలో పందిని పళ్ళెంలో పెట్టుకుని వంటవాడు పెరటి తలుపులోంచి లోపలికి వచ్చాడు. కొండగాలి ఆ మూల నుంచి ఈ మూలకి హాల్లోంచి ఊడ్చుకుపోయింది.

తర్వాత జరిగింది చూసినవాళ్ళు మరిచిపోరు. యుద్ధానికి వెళ్ళి చెక్కుచెదరకుండా తిరిగొచ్చిన మగవాళ్ళు రెండు చేతులతో నడుములు కప్పుకుని పరుగెత్తారు. పూజారి పిల్లలకంటే ముందు గేటు దాటాడు. పంది కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది. ఖాళీ హాల్లో గీత దిగడం మొదలుపెట్టి, పద్నాలుగు, తొమ్మిది, ఆరు అంటూ తన పాత చోటికి చేరింది.

జీవోరాద్ చెక్కుచెదరలేదు. వాకిట్లో పత్రిక విలేకరిని పక్కన నిలబెట్టుకుని, ఊరందరి ముందూ అన్నాడు, "యంత్రం అద్భుతంగా పనిచేసింది. ఇరవై మూడు అందరూ చూశారు. ఇంటావిడ తలుపు తీసింది, అంతే. ఏమంటావ్ వుకాషిన్?"

తియానా గేటు దగ్గర సిమెంటు సింహం పక్కన, మంచులో, కోటు లేకుండా నిలబడి ఉంది. వుకాషిన్ ఆమెని చూశాడు. గోడ మీది తెల్లపెట్టెని చూశాడు. తన వైపే చూస్తున్న ఊరిని చూశాడు. ఈ ఊళ్ళో బతకాలి, ఈ మూడంతస్తుల్లో బతకాలి.

"అవును," అన్నాడు. "తలుపు తను తీసింది."

తియానా లోపలికెళ్ళి కోటు తెచ్చుకుంది. గుండీలన్నీ పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు వుకాషిన్.

"సాయంత్రం బస్సుకి. బస్సులో వెచ్చగా ఉంటుంది."

ఆదర్శ గృహం విజయవంతమైందనీ, లబ్ధిదారు కుటుంబీకుల అవగాహనా లోపం వల్ల స్వల్ప అంతరాయం కలిగిందనీ పత్రికలో వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సంఘాలు ఇంటిని చూడడానికి రాసాగాయి. పెద్ద గుంపుగా వస్తే పథకం బాగా పనిచేసేది. ఒకరిద్దరు వస్తే అంతగా పనిచేసేది కాదు. వుకాషిన్ వంటింట్లో ఇనప పొయ్యి పెట్టుకుని, పక్కన మంచం వేసుకుని, పచ్చికట్టెలతో కలిసి ఏడుస్తూ, వచ్చినవాళ్ళకి తాపన విధానాల గురించి ఉపన్యసించేవాడు. ఎదురుగాలి మీద ఊళ్ళో ఇప్పుడు అతని మాటకి తిరుగు లేదు.

ఆడపిల్ల పుట్టిందని ఫోనులో తెలిసింది. జనవరిలో ఒక జున్నుముద్ద పట్టుకుని బెల్‌గ్రేడ్ బస్సెక్కాడు. దారంతా చెప్పవలసింది వల్లె వేసుకున్నాడు. తప్పు నాది. ఆ పెట్టె దేనికీ కలపలేదని నాకు తెలుసు. నలుగురి ముందు నిన్ను దోషిని చేశాను. పద, వంటింట్లోనే ఉందాం. బస్సు దిగేసరికి మాటలు నోటికి బాగా వచ్చేశాయి.

అత్తగారి ఇంటి గంట కొట్టాడు. తియానా తలుపు తీసింది. భుజం మీద బిడ్డ, పల్చటి నూలు చొక్కాతో, ఒట్టి కాళ్ళతో నిద్రపోతోంది. వెనకాల గదిలో కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. తెర కదులుతోంది. తియానా మొహంలో కోపం లేదు. అతనేం చెబుతాడా అని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

వుకాషిన్ నోరు తెరిచాడు.

"ముందా కిటికీ మూయి," అన్నాడు, "పిల్లకి గాలి తగులుతుంది."

తియానా బిడ్డ లేవకుండా మెల్లగా తలుపు మూసేసింది.

సంచీతో మెట్లెక్కి వస్తున్న పై అంతస్తు ముసలావిడ ఆగి, మూసిన తలుపునీ, జున్నుముద్దనీ, వుకాషిన్‌నీ, మెట్ల దగ్గర తెరిచి ఉన్న కిటికీనీ వరసగా చూసింది.

"మంచి పని చేసింది నాయనా ఆ పిల్ల," అంది. "ఎవడో ఈ కిటికీ తీసి పెట్టాడు. ఆ తలుపు ఇంకాసేపు తెరిచుంటే బిడ్డకి తిన్నగా కొట్టేది."

వుకాషిన్ ఆలోచించాడు. నిజమే అనిపించింది, మనసు తేలికపడింది. వెళ్ళి మెట్ల దగ్గరి కిటికీ మూసి, గడియ బిగించి, సందుల్లో ఎక్కడా గాలి రావడం లేదని అరచేత్తో చూసుకుని, మళ్ళీ వచ్చి గంట కొట్టి నిలబడ్డాడు. ఇక తలుపు తీయకపోవడానికి ఆమెకి ఏ కారణమూ లేదని అతని నమ్మకం.